బ్యాంకాక్ టూరులో పంటికి ఆన్‌లే చేయించుకోవచ్చా? పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను

మహేంద్రతనయ_గట్టు (పర్లాకిమిడి) · నవంబరు 4, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను గానీ ఎప్పుడూ రాయలేదు. అవసరం పడింది కాబట్టి రాస్తున్నాను.

నాకు 52 ఏళ్ళు. కింద ఎడమవైపు మొదటి దవడ పంటికి పదిహేనేళ్ళ కిందట సిల్వర్ ఫిల్లింగ్ చేయించుకున్నాను. మొన్న దసరాకి జంతిక కొరికితే నాలిక వైపు ముక్క టక్కున విరిగి చేతిలోకొచ్చింది. ఊరికే ఉంటే నొప్పి లేదు, చల్లనీళ్ళు తగిలితే మాత్రం జివ్వుమంటుంది. విరిగిన అంచు బ్లేడులా ఉంది. నాలిక ఎంత వద్దనుకున్నా అటే పోతోంది, పక్కన చిన్న పుండు కూడా పడింది.

మా ఊరి డాక్టరుగారు చూసి, "మళ్ళీ ఫిల్లింగ్ పెడితే నిలవదు. క్యాప్ వెయ్యాలంటే బాగున్న పన్ను కూడా చుట్టూ అరగదియ్యాలి. నీకు ఆన్‌లే, అంటే బయట తయారుచేసి పంటి మీద అతికించే ముక్క, సరిపోతుంది. బరంపురమో విశాఖపట్నమో వెళ్ళు" అన్నారు. ఆ మాట వినడం నాకు అదే మొదలు.

డిసెంబరు రెండో వారంలో మా బజారు వాళ్ళం పన్నెండుమందిమి భువనేశ్వర్ నుంచి బ్యాంకాక్ వెళ్తున్నాం. ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు. టికెట్లు చేసిన ఏజెంటు, "అన్నా, అక్కడ ఒక్క పూటలో చేసి పంపిస్తారు. పన్నూ బాగవుతుంది, ఊరూ చూసినట్టవుతుంది" అంటున్నాడు. అక్కడి క్లినిక్‌వాళ్ళు చెప్పిన రేటు విశాఖలో ఫోన్‌లో చెప్పినదానికి ఇంచుమించు రెట్టింపు. ఎలాగూ వెళ్తున్నాం కదా, ఇక్కడ రెండు మూడుసార్లు తిరగడం తప్పుతుందని నా ఆశ. మా ఆవిడ వద్దంటోంది. పరదేశంలో ఇలా చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గుణుపురం_సీత · నవంబరు 4, రాత్రి 10:15

నాకూ ఈ సంగతే కావాలి, కాకపోతే తిరగేసి. మా అప్ప (అక్క) అమెరికా నుంచి సంక్రాంతికి వస్తోంది, మూడు వారాలు ఉంటుంది. అక్కడ రెండు పళ్ళకి ఆన్‌లేలు వెయ్యాలన్నారట. ఒక్కో పంటికి వెయ్యి డాలర్ల పైమాటే. పళ్ళ ఇన్సూరెన్సు ఏడాదికి ఇచ్చే మొత్తానికి ఒక హద్దు ఉంటుందట, ఒక పంటితోనే అది ఖాళీ అవుతుందంటోంది. అందుకని మన దగ్గర చేయించుకుంటానంటోంది. తనకి పరదేశ వైద్యం అంటే మన విశాఖపట్నమే ఇప్పుడు. మూడు వారాలు సరిపోతాయా?

బరంపురం_జరీ · నవంబరు 5, ఉదయం 7:05

అన్నగారూ, నేను బ్యాంకాక్‌లోనే చేయించుకున్నాను. 2019లో. పట్టు చీరల పని మీద వెళ్ళి పది రోజులున్నాను. బాగా చేసేరు, ఇప్పటికీ అదే పంటితో మరమరాలు, వేరుశెనగలు నములుతున్నాను. కాబట్టి అక్కడి పని చెడ్డదని చెప్పను.

ఎలా చేసేరో చెప్తాను. ముందు పాత ఫిల్లింగ్ తీసి పన్ను శుభ్రం చేసేరు. తర్వాత పెన్ను లాంటి చిన్న కెమెరా నోట్లో తిప్పేరు. ముద్ద పెట్టి అచ్చు తియ్యలేదు. నా పన్ను ఎదురుగా తెర మీద కొండంత కనబడింది. డాక్టరమ్మ మౌస్‌తో దాని మీద గీతలు గీసుకుంది. పక్కగదిలో అద్దం పెట్టెలాంటి మిషన్, అందులో చిన్న దిమ్మ పెట్టి నీళ్ళు కొడుతూ చెక్కేరు. నేను లేచి వెళ్ళి చూసేను. ఆ దిమ్మ వంకాయ రంగులో ఉంది! పంటికి ఈ రంగేమిటని బెంగపడ్డాను. కొలిమిలో పెట్టి తీసేసరికి పంటి రంగుకి వచ్చేసింది. పొద్దున తొమ్మిదింటికి కూచుంటే మధ్యాహ్నం ఒంటిగంట దాటేక లేచేను.

ఒక్క మాట. మర్నాడూ, మళ్ళీ నాలుగోరోజూ పిలిచి కొరుకు, అంటే నోరు మూస్తే పై పళ్ళూ కింది పళ్ళూ సమంగా కలుస్తున్నాయో లేదో, సరిచూసేరు. నాకు పది రోజులున్నాయి కాబట్టి అది కుదిరింది. మీకు ఆరు పగళ్ళలో రెండు పగళ్ళు విమానానికే పోతాయి.

నియమగిరి_దంతం (రాయగడ) · నవంబరు 5, మధ్యాహ్నం 2:30

నేను రాయగడలో పంటి డాక్టరుని. ముందు మాటలు తేటపడాలి, లేకపోతే ఏజెంటు ఒకటి చెప్తాడు, మీరు ఇంకొకటి అనుకుంటారు.

నమిలే పళ్ళ మీద చిన్న చిన్న గుబ్బలుంటాయి. కింది మొదటి దవడ పంటికి మామూలుగా ఐదు, పైదానికి నాలుగు. ఆ గుబ్బల మధ్య గుంటలో ఇమిడిపోయేట్టు బయట తయారుచేసి అతికించేది ఇన్‌లే, ఉంగరంలో రాయి పొదిగినట్టు. ఒక గుబ్బనో, రెండుమూడింటినో కూడా కప్పేది ఆన్‌లే. పన్ను మొత్తం చుట్టూ కప్పేస్తే క్యాప్. మహేంద్రతనయ గారికి నాలిక వైపు గుబ్బ పోయిందంటున్నారు కాబట్టి వారి డాక్టరు ఆన్‌లే అనడం న్యాయంగానే ఉంది. క్యాప్ కోసం అరగదీసే మంచి పన్ను దీనివల్ల మిగులుతుంది.

మామూలు ఫిల్లింగ్‌ని నోట్లోనే మెత్తగా పెట్టి గట్టిపరుస్తాం. ఇప్పుడు పెట్టే తెల్ల ఫిల్లింగ్ గట్టిపడేటప్పుడు కొద్దిగా ముడుచుకుంటుంది. చిన్న గుంటకి ఫరవాలేదు, పెద్దదానికి అంచుల్లో సందు పడుతుంది. ఆన్‌లే బయటే తయారవుతుంది. ముడుచుకునేది మధ్యనున్న పల్చటి జిగురు పొర ఒక్కటే.

ఇప్పుడు నా ప్రశ్న. ఎక్స్‌రే తీసేరా? చల్లనికి జివ్వుమన్నది ఎంతసేపు ఉంటోంది? రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే ఒక లెక్క. నీళ్ళు మింగేసేక కూడా అర నిమిషం లాగుతూ ఉంటే, రాత్రి పడుకున్నాక దానంతట అదే పీకితే, అది పూర్తిగా వేరే లెక్క. అది తెలియకుండా బ్యాంకాకా, బరంపురమా అని మాట్లాడుకోవడం ఎందుకూ పనికిరాదు.

నాగావళి_నీరు (రాయగడ) · నవంబరు 5, రాత్రి 8:50

నేను పడ్డ బాధ చెప్తాను, ఇంకొకరు పడకూడదు.

గల్ఫ్‌లో ఎలక్ట్రీషియన్‌గా ఆరేళ్ళు చేసేను. ఇంటికి వచ్చే ముందు సెలవులో స్నేహితులతో ఇంకో దేశం చూడ్డానికి వెళ్ళి, అక్కడ ఒక క్లినిక్‌లో ఆన్‌లే వేయించుకున్నాను. పేరు చెప్పను. సాయంత్రం ఆరింటికి అతికించేరు, రాత్రి పదకొండింటికి నా విమానం. ఎక్కడ ఎత్తుగా తగులుతోందో పంటి మీద గుర్తు పడే నీలం కాయితం పెట్టి "కొరకండి" అన్నారు. దవడంతా మొద్దుబారి ఉంది, నాకేం తెలుస్తుంది? బాగానే ఉందన్నాను.

విమానంలో మత్తు దిగింది. నోరు మూస్తే ఆ ఒక్క పన్నే ముందు తగులుతోంది, మిగతావి కలవడం లేదు. ఇంటికొచ్చి నాలుగు రోజులు సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఐదోరోజుకి ముద్ద నమల్లేకపోయేను. ఇక్కడ డాక్టరు దగ్గరికెళ్తే, "ఇది ఏ సామానుతో చేసేరు? దేనితో అతికించేరు? లోపల నరం ఎంత దూరంలో ఉంది?" అని అడిగేరు. నా దగ్గర డబ్బు కట్టిన రసీదు తప్ప కాయితం ముక్క లేదు. క్లినిక్‌కి మెసేజ్ పెడితే, వస్తే ఉచితంగా సరిచేస్తామన్నారు. విమానం టికెట్టు ఎవరు పెట్టుకుంటారు? చివరికి ఇక్కడే ఎత్తు అరగదీసేరు, అది పల్చబడి మూడు నెలలకి చీలిపోయింది. రూట్ కెనాల్, క్యాప్, రెండూ పడ్డాయి.

వాళ్ళకి పని రాదని నేను అనను. టైము లేని చోట చేయించుకోవడం నా తప్పు, టైము లేదని తెలిసీ చెయ్యడం వాళ్ళ తప్పు.

నియమగిరి_దంతం · నవంబరు 5, రాత్రి 9:35

తమ్ముడూ, మీరు రాసిన దాంట్లో అందరూ పట్టుకోవలసింది ఆ మత్తు మాట. మత్తులో ఉన్న మనిషి దవడని సరిగ్గా మూయలేడు, పక్కకి జారుస్తాడు. కాయితం వల్ల పంటి మీద పడ్డ గుర్తు అప్పటికి నిజమే, మర్నాటికి కాదు. అందుకే నేను అతికించిన ప్రతివాళ్ళనీ మత్తు దిగాక ఇంకోసారి రమ్మంటాను. ఆ రెండో చూపు లేని ఆన్‌లే సగం పనే.

వంశధార_మాస్టారు (కాశీనగరం) · నవంబరు 6, ఉదయం 6:20

సరిహద్దు దాటి వైద్యానికి వెళ్ళడం మనకి కొత్తా? 1936లో ఒడిశా విడి రాష్ట్రమైంది, పర్లాకిమిడి ఇటు పడింది, పాతపట్నం అటు ఉండిపోయింది. మధ్యలో ఎంత దూరమని! పెళ్ళి సంబంధాలూ, ఆసుపత్రులూ అటే. మా చిన్నతనంలో ఒంట్లో బాగాలేదంటే చిన్న రైలెక్కి నౌపడ దిగి, అక్కణ్ణించి పెద్ద రైలు పట్టుకుని విశాఖపట్నం పోయేవాళ్ళం.

మా మేనల్లుడు అమెరికాలో ఆరిజోనాలో ఉంటున్నాడు. అక్కడ యూమా ఊరు దాటితే మెక్సికోలో లాస్ అల్గొడోనెస్ అని చిన్న ఊరుందట, వీధి పొడుగునా పంటి డాక్టర్లే. అమెరికా ముసలివాళ్ళు పొద్దున్నే సరిహద్దు నడిచి దాటి పని చేయించుకుని సాయంత్రానికి ఇంటికి చేరతారు. హంగరీలో ఆస్ట్రియా సరిహద్దునున్న మోషోన్మద్యారోవార్‌కి కూడా పళ్ళ కోసం అలాగే వస్తారని చదివేను. కొరుకు సరిగా లేకపోతే మర్నాడు మళ్ళీ వెళ్తారు. దగ్గరితనం వల్ల అది సాగుతోంది. ఆ లెక్కన పర్లాకిమిడి వాడికి విశాఖపట్నం లాస్ అల్గొడోనెస్ అవుతుంది గానీ బ్యాంకాక్ కాదు.

మా నాన్నగారికి మద్రాసులో దవడ పంటికి బంగారం పొదిగేరు. నేను అప్పటికి హైస్కూల్లో ఉన్నాను. ఆయన నవ్వితే లోపల మెరిసేది. పోయేదాకా అలాగే ఉంది.

ఢోక్రా_మైనం (ఊరు జయపురం, పని విశాఖలో) · నవంబరు 6, రాత్రి 11:10

మాస్టారూ, ఆ బంగారం మాట చదివి నిద్ర రాక రాస్తున్నాను. నేను పళ్ళ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద క్యాపులు, ఇన్‌లేలు, ఆన్‌లేలు తయారుచెయ్యడం మా పని. మమ్మల్ని ఎవరూ చూడరు, పంటి మీద కనబడేది మాత్రం మా చేతి పనే.

కొరాపుట్, రాయగడ వైపు ఢోక్రా బొమ్మలు పోసేవాళ్ళని చూసే ఉంటారు. మట్టి ముద్ద మీద మైనం దారాలు చుట్టి బొమ్మ చేస్తారు, దాని మీద మళ్ళీ మట్టి మెత్తి కన్నం వదులుతారు. కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మట్టి పగలగొడితే బొమ్మ. ఒక అచ్చుకి ఒక్కటే బొమ్మ, రెండోది రాదు. 1907లో అమెరికాలో టాగర్ట్ అనే పంటి డాక్టరు బంగారు ఇన్‌లేలని సరిగ్గా ఇదే పద్ధతిలో పోసి చూపించేడు. మీ నాన్నగారి పంటికి పొదిగింది అలా పోసిందే. నేను ల్యాబ్‌లో చేరిన మొదటి రోజు మైనం గరిటె పట్టుకోగానే మా ఊరి సంతలో కూచున్న ముసలాయన చేతులు గుర్తొచ్చేయి.

ఇప్పటికీ మైనం పోలేదు. ఈ-మ్యాక్స్ అంటారే, లిథియం డైసిలికేట్ అనే గాజు లాంటి పింగాణీ, దాన్ని రెండు రకాలుగా చేస్తాం. ఒకటి మైనంతో పన్ను చెక్కి, అచ్చు పోసి, మైనం కాల్చేసి, 900 డిగ్రీలు దాటిన వేడిలో పింగాణీని ఆ ఖాళీలోకి నొక్కడం. రెండోది బరంపురం అన్న చూసిన వంకాయ రంగు దిమ్మని మిషన్‌లో చెక్కడం. అది పూర్తిగా గట్టిపడకముందు ఆ రంగులో ఉంటుంది, అప్పుడైతే చెక్కుడుకి లొంగుతుంది. కొలిమిలో పెట్టాక గట్టితనమూ రంగూ రెండూ వస్తాయి. కుర్చీ పక్కనే మిషన్ పెట్టి చెక్కడం 1985లో జ్యూరిక్‌లో మొదలైంది. కాబట్టి ఒక్క పూటలో చెయ్యడం మాయ కాదు, నలభై ఏళ్ళ నాటి విద్య.

జిర్కోనియా అనే ఇంకో తెల్ల సామాను గట్టిది కదా, అదే వెయ్యమని కొందరు పట్టుబడతారు. గట్టిదే. అయితే పింగాణీలో గాజు ఉంటుంది కాబట్టి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ రాస్తే పైన గరుకు తేలి జిగురు పట్టుకుంటుంది. జిర్కోనియాలో గాజు లేదు, ఆ ఆసిడ్ దాన్ని ఏమీ చెయ్యదు. పన్ను చుట్టూ తొడిగే క్యాప్ ఆకారం మీదే నిలబడుతుంది. ఆన్‌లే నిలబడేది జిగురు మీద.

ఇంకో సంగతి, ఇది డాక్టర్లు తప్పుగా అనుకోకూడదు. పింగాణీకి మందం కావాలి, నమిలే చోట మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరున్నర. తొందర్లో పన్ను తక్కువ తగ్గించి పంపితే మాకు చోటుండదు, పల్చగా చేస్తాం, అది చీలుతుంది. నాగావళి తమ్ముడికి జరిగింది అదే కావచ్చు. ఎత్తుగా ఉందని అరగదీసేరు, మిగిలిన మందం సరిపోలేదు.

గుణుపురం_సీత · నవంబరు 7, ఉదయం 8:00

ఎంత బాగా చెప్పేరు! మా అప్పకి ఈ పేజీ పంపేను. డిసెంబరు 26న దిగుతుంది, జనవరి 18న వెళ్ళిపోతుంది. రెండు పళ్ళూ కింది కుడివైపే. ఎప్పుడు ఏం చేయించాలో ఎవరైనా చెప్తారా?

ఢోక్రా_మైనం · నవంబరు 7, ఉదయం 8:40

అప్పా, అన్నిటికంటే ముందు ఒకటి. భోగి నుంచి కనుమ దాటేదాకా ల్యాబులు మూతే. మా కుర్రాళ్ళందరూ శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వాళ్ళే, పన్నెండో తేదీ సాయంత్రానికి ఒక్కడూ ఉండడు. అచ్చు ఏడో తేదీన వస్తే పండగ ముందు అందదు, ఇరవై దాటేకే. ఆమె దిగిన రెండు మూడు రోజుల్లో పన్ను సిద్ధం చేయించి అచ్చు పంపితే జనవరి ఎనిమిదికల్లా డాక్టరు చేతిలో ఉంటుంది.

నియమగిరి_దంతం · నవంబరు 7, మధ్యాహ్నం 1:15

సీతమ్మగారూ, ఆయన చెప్పిన తేదీలు పాటించండి. నా వైపు నుంచి కొన్ని.

అమెరికాలో తీసిన ఎక్స్‌రేలు ఇప్పుడే తెప్పించి ఇక్కడి డాక్టరుకి పంపండి. విమానం దిగేక "దీనికి రూట్ కెనాల్ కావాలి" అంటే మూడు వారాలు చాలక అందరూ ఏడవాలి. డాక్టరు ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పై చదువు) అయితే, అందులో కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ (ఉన్న పన్నుని నిలబెట్టే వైద్యం) గానీ ప్రాస్తోడాంటిక్స్ (క్యాపులు, కట్టుడు పళ్ళ వైద్యం) గానీ చదివినవారైతే, ఈ పని వాళ్ళ చదువులోదే. రబ్బర్ డ్యామ్ వాడతారా అని అడగండి. పంటి చుట్టూ సాగే పల్చటి రబ్బరు పరదా అది, ఉమ్మి తగలకుండా. జిగురుకి తడే శత్రువు. ఆ ప్రశ్నకి విసుక్కునే చోట కూర్చోకండి.

మధ్యలో పెట్టే తాత్కాలికం మీద అటువైపు చెక్కిలాలు, అరిసెలు కొరక్కూడదు. ఊడితే ఆ రోజే వెళ్ళి పెట్టించుకోవాలి. ల్యాబ్ నుంచి వచ్చాక ముక్క సరిపోయిందో లేదో చూడ్డానికి ఊరికే పెడతారు, అప్పుడు మాత్రం గట్టిగా కొరక్కూడదు. అతికించని పింగాణీ వట్టి గాజు. అతుక్కున్నాకే దానికి బలం.

చిగుళ్ళ సంగతి కూడా. మన వైపు ఆడవాళ్ళు మగవాళ్ళు చాలామంది పొద్దున్నే గుడాకుతో (పొగాకు ముద్ద) తోముతారు. చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతుంటే అచ్చు అంచులు మసకబారతాయి, అతుకూ పట్టదు. ముందు క్లీనింగ్ చేయించి, గుడాకు మాని, చిగుళ్ళు గట్టిపడ్డాకే ఈ పని. బ్యాంకాక్ అయినా ఇదే మాట.

బరంపురం_జరీ · నవంబరు 7, రాత్రి 9:00

అన్నగారికి ఇంకో మాట. ప్రయాణ బీమా మాట ఏజెంటు చెప్పి ఉంటాడు. మామూలు పాలసీల్లో పంటి ఖర్చు అంటే హఠాత్తుగా వచ్చిన నొప్పికి చేసే వైద్యం వరకే, అదీ కొద్ది మొత్తం. మీరు ముందే అనుకుని వెళ్ళి చేయించుకునే ఆన్‌లేకి పైసా రాదు. పాలసీ కాయితం చదువుకోండి.

మహేంద్రతనయ_గట్టు · నవంబరు 13, రాత్రి 8:30

మీ అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించేను. మా ఆవిడ "ముందు ఆ ఫోటో తీయించండి" అంది. నిన్న గుణుపురం-విశాఖ పాసింజర్‌కి వెళ్ళి చూపించుకొచ్చేను.

ఎక్స్‌రేలో పాత ఫిల్లింగ్ కింద నల్లగా నీడ. పుచ్చు నరానికి బాగా దగ్గరగా పోయిందన్నారు. చల్లటి దూది పంటికి తాకించి, "ఎప్పుడు తగ్గితే అప్పుడు చెయ్యి దించండి" అన్నారు. ఎత్తిన చెయ్యి నాలుగైదు సెకన్లకే దించేను. నరం ఇంకా బతికే ఉంది, చిరాకు పడుతోందంతే అన్నారు డాక్టరమ్మ. పుచ్చంతా తీసి, లోపల మందు పెట్టి, పైన గట్టి సిమెంటు వేసి, విరిగిన అంచు నున్నగా చేసేరు. రెండు నెలలు ఆగి, నరం సర్దుకుందని తేలితేనే ఆన్‌లే అన్నారు.

బ్యాంకాక్‌లో డిసెంబరులో చేయించుకోవచ్చా అని అడిగేను. ఆవిడ కాదనలేదు. "చేయించుకున్నాక ఒకవేళ నరం తిరగబడితే కొత్త ఆన్‌లేకి కన్నం పెట్టి రూట్ కెనాల్ చెయ్యాలి. అది మీరు బ్యాంకాక్‌లో ఉన్నప్పుడు తిరగబడదు, పర్లాకిమిడి వచ్చాక తిరగబడుతుంది" అన్నారు. ఇంకేం అడగను?

నియమగిరి_దంతం · నవంబరు 13, రాత్రి 10:05

సరైన చేతుల్లో పడ్డారు. టూరుకి నిశ్చింతగా వెళ్ళండి. ఒక జాగ్రత్త, నరం చిరాకులో ఉన్నప్పుడు విమానం పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి పన్ను పీకవచ్చు. సిమెంటు కింద సందున్నా అంతే. ప్రయాణానికి వారం ముందు ఒకసారి చూపించుకోండి. అప్పటికి రాత్రి పూట దానంతట అది పీకడం మొదలైతే మాత్రం ఆగవద్దు.

నాగావళి_నీరు · నవంబరు 14, ఉదయం 6:45

అన్నా, మీరు అడగబట్టి నా కథ ఒకరికి పనికొచ్చింది. మనసు తేలికపడింది.

గుణుపురం_సీత · జనవరి 19, మధ్యాహ్నం 12:10

మా అప్ప నిన్న బయలుదేరింది. జరిగింది రాస్తాను, ఇలా వచ్చేవాళ్ళకి ఉపయోగం.

26న దిగింది, 28న విశాఖలో కూచుంది. నెల ముందే పంపిన ఎక్స్‌రేలు డాక్టరు చూసి ఉన్నారు కాబట్టి కొత్తగా వెతుక్కునేది లేకపోయింది. రెండు పళ్ళలో ఒకటి ఆన్‌లేకి సరిపోయింది. రెండోదానికి గుబ్బలన్నీ నిలబడే ఉన్నాయి, ఇన్‌లే చాలు అన్నారు. అమెరికాలో రెంటికీ ఆన్‌లే అన్నారు కదా అని అప్ప అడిగింది. డాక్టరు ఫోటో తీసి, పెద్దది చేసి, గుబ్బల మొదట్లో పగుళ్ళు లేవని చూపించేరు. అక్కడివాళ్ళది తప్పని అనలేదు. "పగులుంటే నేనూ కప్పేదాన్ని" అన్నారు.

తాత్కాలికం ఒకసారి ఊడింది, జనవరి రెండున, జీడిపప్పు పాకం తిని. ఇక్కడ గుణుపురంలోనే డాక్టరుగారు మళ్ళీ పెట్టేరు. తొమ్మిదిన అతికించేరు. రబ్బరు పరదా వేసేరు. ఒక్కో పంటికి ముప్పావు గంట పట్టింది. పదిన మళ్ళీ వెళ్తే ఒకచోట ఎరుపు గుర్తు ముదురుగా పడింది, కొంచెం తగ్గించి మెరుగు పెట్టేరు. పండగకి అప్ప బూరెలు రెండు వైపులా నమిలింది.

చల్లనికి ఇంకా కొంచెం జివ్వుమంటోంది, రోజురోజుకీ తగ్గుతోంది. వెళ్ళేటప్పుడు ముందూ వెనకా తీసిన ఎక్స్‌రేలు, ఏ సామాను, ఏ రంగు, ఏ జిగురు అన్న వివరం రాసిన కాయితం, నోటి స్కాన్ ఫైలు అన్నీ ఇచ్చేరు. అక్కడి డాక్టరుకి అప్పుడే మెయిల్ పెట్టేసింది. మా బావ అమెరికా పౌరుడు, ఆయనకీ ఒక పన్ను ఉంది. అప్పకి ఓసీఐ (భారత మూలాలున్న పరదేశ పౌరులకిచ్చే) కార్డు ఉంది కాబట్టి వీసా గొడవ లేకపోయింది. బావకి అది లేదు, వైద్యం కోసమే వస్తే ఈ-మెడికల్ వీసా పెట్టుకోవాలట, అరవై రోజులకి ఇస్తారు. వచ్చే ఏడు చూడాలి.

ఢోక్రా_మైనం · జనవరి 19, రాత్రి 10:30

అప్పా, జనవరి 5న మా ల్యాబ్‌కి ఒక ఇన్‌లే, ఒక ఆన్‌లే, రెండూ కింది కుడివైపువి, "అర్జెంట్, పరదేశం" అని రాసి వచ్చేయి. అవి మీవో కావో అడగను, చెప్పను. ఆ ఇన్‌లే గుంటలో ఒక సన్న గీత ఉండేది, దాన్ని పోనివ్వకుండా చెయ్యడానికి రాత్రి పన్నెండు దాకా కూచున్నాను.

వంశధార_మాస్టారు · జనవరి 20, ఉదయం 6:10

నాయనా, నీ చేతులు చల్లగుండాలి.

మహేంద్రతనయ_గట్టు · ఫిబ్రవరి 8, రాత్రి 9:15

బ్యాంకాక్ వెళ్ళొచ్చేం, బాగా తిరిగేం. విమానం లేచేటప్పుడు కొంచెం భయపడ్డాను, ఏమీ కాలేదు. అక్కడ పంటి క్లినిక్కుల ముందు నుంచి నడిచేను, నిజంగానే చాలా శుభ్రంగా ఉన్నాయి. నాకు అక్కడ పది రోజులుండి, పన్ను కూడా మంచిదై ఉంటే కూచునేవాణ్ణేమో.

జనవరి 27న విశాఖలో మళ్ళీ చల్లటి దూది పెట్టేరు. రెండు సెకన్లు. నరం నిమ్మళించిందన్నారు. ఆ రోజే పన్ను సిద్ధం చేసి అచ్చు తీసేరు, నిన్న కాక మొన్న అతికించేరు. అతికించే ముందు ఆ ముక్కని నా అరచేతిలో పెట్టి చూడమన్నారు. సెనగబద్ద కన్నా కొంచెం పెద్దది. పైన గుబ్బలూ గాట్లూ అన్నీ చెక్కి ఉన్నాయి, కిందివైపు మసక గాజులా గరుకుగా ఉంది. ఢోక్రా తమ్ముడు చెప్పిన ఆసిడ్ గరుకు అదే కాబోలు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు లోపలికి పోతోంది.

నిన్న మళ్ళీ వెళ్ళి కొరుకు చూపించుకున్నాను, రాత్రి బస్సుకి దిగేను. ఈ పూట అన్నం ఎడమవైపుతోనే తిన్నాను. తింటూంటే మా ఆవిడ అడిగింది, ఇంకా నాలిక అటు పోతోందా అని. అప్పుడు గమనించేను, పొద్దున్నుంచి ఒక్కసారీ పోలేదు.